గుర్తులు విప్పేసిన బట్టలు

పొద్దున్నే, దించి ఉన్న షట్టరు వెనక, లాండ్రీలో అక్కా తమ్ముడూ. మధ్యలో బట్టల గుట్ట.

"మరి ఇది?"

"తెలీదు."

"సరిగ్గా చూడక్కా. కాలరు చూడు."

"చూశాన్రా. కాలరులాగే ఉంది."

"పోనీ ఈ కోటు?"

"అది డాక్టరుగారిది. ఉండు, ఇలా తే. డాక్టరుగారి కోటుకి లోపలి జేబు చిరిగి ఉంటుంది. దీనికి లేదు. ఆయనది కాదు."

"చూశావా! నీకు తెలుస్తోంది."

"ఎవరిది కాదో తెలుస్తోంది. ఎవరిదో తెలియాలి కదా."

"సరే, ఈ స్కూలు చొక్కా?"

"ఊళ్ళో పిల్లలందరిదీ."

"నీకు ఇప్పుడు కూడా వేళాకోళమేనా?"

"ఏడుపు రాత్రే అయిపోయిందిరా. ఇంక మిగిలింది ఇదే."

"తెల్లచొక్కాలన్నీ ఒక పక్క పెడదాం. ముందు రంగులవి తేలిస్తే..."

"పెట్టు. తెల్లవి ఒక పక్క, తెలియనివి ఒక పక్క. రెండు గుట్టలవుతాయి. అంతకంటే ఏం ఒరగదు."

"మెషీను జల్లెడలోంచి తీసిన పేర్ల స్టిక్కర్లు ఎక్కడ పెట్టావు?"

"బకెట్లో ఉన్నాయి."

"వాటిని ఆరబెడితే ఒకటీ అరా చదవొచ్చేమో."

"అవి స్టిక్కర్లు కావురా, గుజ్జు. మనలో కలిపేసుకున్న తొమ్మిది షాపుల కస్టమర్లూ ఒక్క బకెట్లో ఉన్నారు. ఆరబెడితే అట్టముక్క అవుతుంది. చదువుకుంటావా?"

"స్టిక్కరువాడు వేడికి తట్టుకుంటుందన్నాడక్కా. ప్రమాణం చేసి చెప్పాడు."

"ఎంత వేడికి?"

"అంటే... అది లారీల మీద అంటించే రకం. ఎండకి ఎండినా ఊడదు, వానకి తడిసినా ఊడదు."

"ఆవిరికి?"

"ఆవిరి సంగతి అడగలేదు."

"నువ్వు పరీక్ష చేశానన్నావు కదా. నెలరోజులు చూశానన్నావు."

"చూశాను. అబద్ధం చెప్పానా? నా చొక్కాకే అంటించుకుని నెలరోజులు తిరిగాను. బస్సెక్కాను, పడుకున్నాను, చెమట పట్టింది. అంచు కూడా లేవలేదు."

"ఉతికావా?"

"ఉతికితే ఊడిపోతుందేమో అని... అంటే, జిగురు ఎన్నాళ్ళుంటుందో చూద్దామని కదా నా ఉద్దేశం."

"ఓరి నాయనో! లాండ్రీకి స్టిక్కరు పెడుతూ, చొక్కా ఉతక్కుండా పరీక్ష చేశావట్రా?"

"అరవకు. బయట వింటారు."

"వినకపోతే మాత్రం? ఇంకాసేపట్లో మనల్ని ఉతికి ఆరేస్తారు. వాళ్ళకి స్టిక్కర్లు కూడా అక్కర్లేదు."

"నువ్వు మాత్రం అడిగావా? ఇరవై ఏళ్ళనించి లాండ్రీ నడుపుతున్నావు. 'ఒరేయ్, ఉతికి చూశావా' అని ఒక్క మాట అడగొచ్చు కదా!"

"అడగలేదు. నిజమే. నువ్వు గోడమీద బొమ్మలు గీసి చెప్తుంటే నోరు తెరుచుకుని కూర్చున్నాను. ఇంత తెలివైనవాడు ఇంత చిన్న సంగతి చూసుకోడా అనుకున్నాను."

"అదీ..."

"నువ్వు తొమ్మిది షాపులు చూశావు, తొంభై షాపులు చూశావు. ఒక్క చొక్కా చూడలేదు."

"అదేనక్కా తేడా. తప్పని నేననను. ఓనరంటే చొక్కా చూస్తాడు. ఆంట్రప్రెన్యూర్ అంటే—"

"ఆ మాట పలకడానికే నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలించినట్టుంటుంది. పొద్దున్నే మొదలుపెట్టకు."

"వినవే ఒక్కసారి. ఓనరు ఉన్నదాన్ని కాచుకుంటాడు. ఆంట్రప్రెన్యూర్ లేనిదాన్ని కడతాడు. పక్క వీధిలో ఆ పెద్ద లాండ్రీ తెరిచినప్పుడు నువ్వేం చేశావు? గుర్తుందా?"

"ఏం చేశాను?"

"ఇస్త్రీ ఇంకాస్త గట్టిగా రుద్దావు. అంతే. రోజూ ఇద్దరు ముగ్గురు కస్టమర్లు అటు పోతుంటే, నువ్వు ఉన్న చొక్కాల్నే మళ్ళీ మళ్ళీ రుద్దుతూ కూర్చున్నావు. అదీ ఓనరు బుద్ధి. మునిగిపోయే పడవని శుభ్రంగా తుడుచుకుంటూ కూర్చోవడం."

"మరి మీవాళ్ళేం చేస్తారు?"

"కొత్త పడవ కడతారు."

"దేనితో? పాత పడవల చెక్కలు పీకేనా?"

"నీతో మాట్లాడలేమమ్మా."

"అది కాదురా. నువ్వన్నదాంట్లో నిజం లేదని నేననట్లేదు. ఆ ఏడు నువ్వు రాకపోతే ఈ షట్టరు ఎప్పుడో దిగిపోయేది. కాదన్నానా? మెషీన్లు తెచ్చావు, నా నడుం నెప్పి తగ్గింది. అందరికీ చెప్పుకున్నాను. నువ్వు రేపటిది చూస్తావు, చూడు. ఎవరో ఒకరు చూడాలి. కానీ ఇవాళ్టిది ఎవరు చూస్తార్రా?"

"ఇవాళ్టికి నువ్వున్నావనే కదా..."

"ఏంటీ?"

"ఏం లేదు. ఈ దుప్పటి హోటలువాళ్ళదా?"

"హోటలుదే. కానీ మూడు హోటళ్ళున్నాయి."

"పోనీ ఒక పని చేద్దాం. అందర్నీ లోపలికి పిలుద్దాం. ఎవరివి వాళ్ళనే ఏరుకోమందాం. మనకంటే వాళ్ళకే బాగా తెలుసు కదా."

"మంచి కోటు కనిపిస్తే నలుగురు నాదంటారు. చిరిగిన బనీను ఎవరూ నాదనరు."

"గొడవపడితే పడతారు. మధ్యాహ్నానికి తేలిపోతుంది."

"నీకు అర్థం కావట్లేదురా. ఇదిగో, ఈ పక్కదుప్పటి చూడు. ఈ మరక చూశావా? ఎంత ఉతికినా పోదు. ఒకావిడ తెస్తుంది, సంచి అడుగున పెట్టి, పైన మంచి బట్టలు పరిచి. వాళ్ళాయనకి పక్షవాతం. నేను ఎప్పుడూ ఏమీ అడగలేదు, ఆవిడ ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. ఇప్పుడు ఆవిడ వీధంతా చూస్తుండగా ఈ గుట్టలోంచి ఈ దుప్పటి లాక్కోవాలా? మాసిన బట్టలు ఇంకొకరి చేతికివ్వడమంటే మాటలా? ఇంటి గుట్టంతా మూటగట్టి ఇచ్చినట్టే. ఎందుకిస్తారు? దానికో గుర్తుంటుంది. వెళ్ళినదారినే తిరిగి ఇంటికొస్తుంది, మధ్యలో ఎవరి కంటా పడదు. అదే కదా మన పని. ఉతకడం ఎవరైనా ఉతుకుతారు."

"గుర్తులు విప్పేద్దామని నేనొక్కణ్ణే అన్నానా?"

"నువ్వే అన్నావు."

"పెద్దపెద్ద కస్టమర్లు కాలరు లోపల ఎర్రదారం, పచ్చదారం ఒప్పుకోరన్నాను. వాడెవడో దారం గుచ్చుకుంటోందన్నాడు. అది తప్పా?"

"తప్పేం కాదు."

"మరి?"

"విప్పింది నేను కదా. మొన్నంతా కూర్చుని విప్పాను. ఒక్కో గుర్తు విప్పుతుంటే ఇంట్లోవాళ్ళ పేర్లు చెరిపేస్తున్నట్టే ఉంది. అయినా విప్పాను. ఆ మలుపు దగ్గర లాండ్రీ పెద్దాయన ఉన్నాడే..."

"చేప గుర్తు."

"ఆఁ. చేప గుర్తు. ఇంతే ఉంటుంది, గోరంత. దానికి కన్ను కూడా కుట్టేవాడు. ఎందుకు తాతా కన్ను, ఎవరు చూస్తారు అంటే, చేప చూస్తుందిలే అమ్మా అనేవాడు. ఆయన చేపల్ని ఆయన చేతే విప్పించాను. కళ్ళజోడు పెట్టుకుని, సూదితో ఒక్కో కుట్టూ లాగుతూ కూర్చున్నాడు. షాపు మూసేసి తాళంచెవి నా చేతిలో పెట్టాడురా. నాకు నువ్వు తెలుసమ్మా, అది చాలు అన్నాడు."

"ఇంకా రాలేదు కదా ఆయన?"

"వచ్చాడు. అదిగో, ఆ దగ్గు వినపడట్లేదూ? అందరికంటే ముందొచ్చి మెట్టు మీద కూర్చున్నాడు."

"ఎంతమంది ఉండుంటారు?"

"షట్టరు కన్నంలోంచి చూడు."

"వద్దులే."

"చూడు, ఏం కాదు. నిన్నెవరు గుర్తుపడతారు? ఏ షాపుకైనా వచ్చావా? అన్నిచోట్లకీ నన్నే పంపి నువ్వు బండిలో కూర్చున్నావు."

"మళ్ళీ అదా? కస్టమరుకి ఒక్క మొహమే కనబడాలక్కా. రెండు మొహాలుంటే నమ్మకం చీలిపోతుంది. అందుకే నీ బొమ్మ వేయించాను."

"వేయించావు. బండి మీద నా పళ్ళు ఒక్కోటీ అరచెయ్యంత. 'అక్కయ్య ఉతుకు' అని కింద రాయించావు. మొదటిరోజు ఆ బండి వెనకాలే వీధి చివరదాకా నడిచాను, తెలుసా నీకు? ఎవరైనా చూస్తున్నారా అని. సిగ్గు లేకుండా."

"నిజంగానా?"

"మరి? ఇరవై ఏళ్ళు కౌంటరు వెనక నిలబడ్డాను. నా మొహం అద్దంలో కూడా సరిగ్గా చూసుకోలేదు. ఒక్కసారిగా ఊరంతా నేనే."

"ఓనరమ్మా! తెరుస్తారా, పగలగొట్టమంటారా?"

"వస్తున్నానయ్యా! ఒక్క నిమిషం! ...చూశావా, మొదలైంది."

"వెళ్ళకు, అప్పుడే వెళ్ళకు. ఆగు. ముందు ఏం చెప్పాలో అనుకుందాం."

"ఏముంది అనుకోవడానికి? మీ బట్టలన్నీ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు, మల్లెపూవుల్లా ఉన్నాయి, ఎవరివేవో మాకు తెలీదు. అంతే కదా."

"అలా చెప్తావా! మెషీను తేడా వచ్చిందని చెప్దాం. రెండ్రోజులు గడువడుగుదాం."

"రెండ్రోజుల తర్వాత?"

"రెండ్రోజుల్లో ఏదో ఒకటి తడుతుంది."

"నీకు తడుతుందిరా, ఎందుకు తట్టదు. అదిగో, నీ ఫోను మళ్ళీ మోగుతోంది. ఎవరది పొద్దుట్నించి?"

"ఎవరూ లేదు."

"ఎవరూ లేనివాళ్ళు అన్నిసార్లు చెయ్యరు."

"ఒకాయన. వ్యాపారాల్లో డబ్బు పెడతాడు, పోయినసారి కలిశానని చెప్పానే, ఆయన. ఇవాళ రమ్మంటున్నాడు."

"ఇవాళా? ఇక్కడ జరిగింది చెప్పావా?"

"చెప్పాను. ఆయనేమన్నాడో తెలుసా? మంచి పాఠం అన్నాడు. ఒకసారి బోర్లా పడనివాణ్ణి నేను నమ్మను అన్నాడు. వాళ్ళ లెక్కే వేరక్కా."

"పాఠమా?"

"అంటే... అనుభవం. నిజానికి ఆలోచిస్తే ఇందులోనే ఇంకో వ్యాపారముంది. చూడు, జిగురు ఊడింది, దారం గుచ్చుకుంటోంది. అసలు గుర్తు బట్టలోనే నేసేస్తే? కుట్టేటప్పుడే? ఆలోచించు, ప్రపంచంలో ప్రతి చొక్కాకీ—"

"ఒరేయ్."

"ఒక్క నిమిషం విను—"

"ఒరేయ్ చిన్నోడా. ఆ మెట్టు మీద ముసలాయన దగ్గుతున్నాడు."

"...సారీ."

"నేల విడిచి సాము చేయకు. ఒక్క పూట. ఒక్క పూట నేలమీద నిలబడు."

"సారీ అక్కా. నాకు బుర్ర పనిచేయట్లేదు. భయమేస్తే నాకు ఇలాగే అవుతుంది, ఏదో ఒకటి కట్టేస్తుంటాను."

"భయమేస్తోందా?"

"చచ్చేంత."

"నాకూను. ఇరవై ఏళ్ళల్లో ఒక్క జేబురుమాలు మారిపోలేదురా నా దగ్గర. ఈ షట్టరు ఎత్తాక ఇంక ఈ వీధిలో నా చేతికి ఎవరూ ఏమీ ఇవ్వరు. తెలుసు. షాపు పోతుంది, అదీ తెలుసు. దాని గురించి రాత్రే ఏడ్చేశాను. ఇప్పుడు ఒక్కటే అడుగుతాను, చేస్తావా?"

"చెప్పు."

"నా పక్కన నిలబడు. ఏమీ మాట్లాడకపోయినా పర్లేదు. నా తమ్ముడు, ఇది మేమిద్దరం కలిసి చేశాం అని చెప్పుకుంటాను. ఒక్కదాన్ని వెళ్తే నేనేదో కావాలని చేశాననుకుంటారు. పెద్దాయన మొహం ఒక్కదాన్నే చూడలేను. ఏరా, అటు చూస్తావేం? భయమైతే చెప్పు. వెనక తలుపుంది. బాయిలరు పక్కనించి సందులోకి పోవచ్చు. వెళ్ళు, నేనేమీ అనుకోను. నిజంగా అనుకోను."

"ఛ! ఏం మాటలక్కా అవి? దొంగలాగా వెనక తలుపులోంచి పోతానా? ఆంట్రప్రెన్యూర్ అన్నవాడు ముందు తలుపులోంచే పోతాడు."

"పెద్ద మాట."

"నిజం చెప్తున్నా. నువ్వు కాదు, నేను వెళ్తాను ముందు. నువ్వు లోపలే ఉండు. తప్పు నాది, చెప్పుకోవలసింది నేను. స్టిక్కర్ల ఆలోచన నాది, గుర్తులు విప్పమన్నది నేను, ఉతక్కుండా చూసింది నేను. మా అక్కకేమీ తెలీదు అని చెప్తాను."

"అలా చెప్పకు. నాకూ తెలుసు."

"సరే, ఇద్దరం అంటాను. ముందు నన్ను తిట్టనీ. నాలుగు తిట్టాక చల్లబడతారు. అప్పుడు నిన్ను పిలుస్తాను, వచ్చి పెద్దాయనతో మాట్లాడు."

"కొడతార్రా."

"కొట్టనీ."

"...నువ్వేనా మాట్లాడుతోంది?"

"ఏం, నేను కాక?"

"చిన్నప్పుడు ఈ గుట్ట మీదే పడుకునేవాడివి. ఎండలోంచి తీసిన బట్టలు వెచ్చగా ఉంటాయని. ఎంత లేపినా లేచేవాడివి కాదు, నీ కింద బట్టలు ఒక్కోటీ లాక్కుని మడతపెట్టేదాన్ని. ఎప్పుడు పెద్దాడివయ్యావో నాకు తెలీనేలేదు."

"ఊరుకో అక్కా. ఏడవకు."

"ఏడవట్లేదు. ఇలా తిరుగు. కాలరు ఒక పక్కకి పోయింది. నలుగురి ముందుకీ వెళ్తూ... భుజం మీద నూగు చూడు. ఆగు, దులపనీ. ఆ. ఇప్పుడు మనిషిలా ఉన్నావు."

"చాలు. వెళ్తాను."

"ఆ సంచీ ఎందుకు?"

"ల్యాప్‌టాప్. వివరాలన్నీ ఇందులోనే ఉన్నాయి కదా. అడిగితే చూపించాలి."

"చార్జరు కూడానా?"

"మధ్యలో ఆగిపోతే బాగుండదు."

"సరే, సరే. ఇదిగో, నీళ్ళు తాగి వెళ్ళు. గొంతు ఆరిపోతుంది."

"అక్కా."

"ఊఁ?"

"నువ్వు నిజంగా... అంటే, నీలాంటి ఓనరుని నేనెక్కడా చూడలేదు. మాట వరసకి కాదు."

"వెళ్ళి ముందు వాళ్ళతో మాట్లాడరా. పొగడ్తలు తర్వాత."

"నేను పిలిచేదాకా బయటికి రాకు. మాట ఇవ్వు."

"రాను. గట్టిగా పిలు. ఆ గోలలో వినబడదు."

"షట్టరు సగమే ఎత్తు. నేను దూరి వెళ్తాను. నేను దాటగానే మళ్ళీ దించెయ్, తోసుకొచ్చేస్తారు."

"ఒరేయ్, జాగ్రత్త. పెద్దాయన్ని ముందు పలకరించు. తాతా అను."

"అంటాను. ఎత్తు."

"తెరుచుకుంది! తెరుచుకుంది!"

"తొయ్యకండయ్యా, ఎవరో బయటికొస్తున్నారు, దారివ్వండి."

"ఎవరబ్బాయీ నువ్వు? మాకంటే ముందే లోపలికెళ్ళావా?"

"జరగండి... కొంచెం జరగండి."

"ఖుళ్... ఖుళ్... నీవి దొరికాయా బాబూ? సంచీ నిండుగానే ఉందే."

"లేదు తాతా. దొరకలేదు."

"అయ్యో. పోనీ ఆ ఓనరమ్మ లోపల ఉందా, పారిపోయిందా?"

"ఉన్నారు తాతా. లోపలే ఉన్నారు. వెళ్ళి అడగండి."